దిగిరాని బంతి

గురువారం సాయంత్రమైందంటే, మెల్బోర్న్‌కి దూరంగా గోధుమ చేల నడుమ ఉన్న కుర్రాంబీలో ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. ఊరు ఊరంతా ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లోనే భోంచేస్తుంది. అక్కడి ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టి కాలితో తన్నే ఆట, స్కోరు వందల్లో ఉంటుంది. కుర్రాళ్లు ప్రాక్టీసు ముగించుకుని, మోకాళ్లకంటిన బురదైనా కడుక్కోకుండా వచ్చి బల్లల ముందు కూలబడతారు. వంటింటి కిటికీలోంచి రేలీన్ పళ్లాలు అందిస్తుంది. కాల్చిన గొర్రె మాంసం, బంగాళాదుంపలు, బఠాణీలు, వాటన్నిటి మీదా ధారగా గ్రేవీ. పంటలు పండినా ఎండినా ఆ పళ్లెంలో మార్పుండదు. తిన్నాక శనివారం ఆటకి ఎవరెవరు దిగుతారో పేర్లు చదువుతారు. చదవడం పూర్తికాకముందే రభస మొదలవుతుంది.

"మళ్లీ అదే జట్టా? పోయిన వారం నూట పది పాయింట్ల తేడాతో ఓడిన జట్టేగా ఇది!"

"మనకి కావలసింది పొడుగువాడు."

"ఉన్న పొడుగువాళ్లు చాలరా? గ్రూపు ఫోటో తీస్తే సగం మందికి తలలుండవు!"

"ఇంకా పొడుగువాడు కావాలి."

ఈ చివరి మాట వినబడగానే లియోనీ ట్రెవిన్ ఫోర్కు పళ్లెంలో పడేసి, కళ్లు మూసుకుని, "ప్రభువా, నాకు ఓపికియ్యి" అనుకునేది. ఆదివారం చర్చిలో చేసే ప్రార్థనకన్నా గురువారం హాల్లో చేసే ఈ ప్రార్థనలోనే భక్తి ఎక్కువుండేదని నేను ఒట్టేసి చెప్పగలను. అవసరం అలాంటిది మరి.

లియోనీకి యాభై దాటాయి. పగలంతా రైలుకట్ట పక్కనున్న గోధుమల గాదె దగ్గర లారీల తూకం చూస్తుంది. క్లబ్బులో కొత్త ఆటగాళ్లని వెతికితెచ్చే కమిటీకి పెద్ద ఆవిడే. పెద్ద అని పేరే గానీ, ఆవిడ మాట వినేవాడు ఆ కమిటీలో లేడు, కట్టుకున్న మొగుడితో సహా.

ఎందుకీ పొడుగువాళ్ల పిచ్చి అంటారా? చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి.

మైదానానికి ఉత్తరం వైపు వరసగా నాలుగు గోలు స్తంభాలున్నాయి. అక్కడికి వెళ్లి తలెత్తితే, స్తంభాలకి కాస్త ముందు, రెండంతస్తుల మేడంత ఎత్తున ఒక ఎర్ర తోలు బంతి ఆగి ఉంటుంది. దారంతో కట్టింది కాదు, దేనికీ ఇరుక్కున్నదీ కాదు. గాల్లో ఊరికే ఉంది. అది లియోనీ మొగుడు లిండ్సే తన్నిన బంతి. తన్నేనాటికి వాళ్లకింకా పెళ్లి కాలేదు. ఇప్పుడు వాళ్ల ఇద్దరు పిల్లలూ పెరిగి పెద్దవాళ్లై మెల్బోర్న్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఆ బంతి మాత్రం దిగిరాలేదు.

ఆ ఏడాది ఫైనలు కుర్రాంబీలోనే జరిగింది. ఎదుట ఉన్నది పక్కూరు వేరింగల్. కుర్రాంబీ నాలుగు పాయింట్లు వెనకబడి ఉండగా లిండ్సే గాల్లోకెగిరి బంతి పట్టుకున్నాడు. పట్టుకున్న మరుక్షణం ఆట ముగిసిందని సైరన్ మోగింది. ఈ ఆటలో అలా పట్టుకున్నవాడికి సైరన్ తర్వాత కూడా ఒక తన్ను తన్నే హక్కుంటుంది. నడిమి రెండు స్తంభాల మధ్యనుంచి బంతి తిన్నగా పోతే ఆరు పాయింట్లు, కప్పు కుర్రాంబీది. దారిలో ఎవరి వేలి కొసైనా తగిలిందా, ఒక్కటే పాయింటు, కప్పు వేరింగల్‌ది. లిండ్సే తన్నాడు. బంతి లేచింది. స్తంభాల దాకా చక్కగా వచ్చింది. వచ్చి, అక్కడ ఆగింది.

అంపైర్లు చీకటిపడేదాకా నిలబడి చూసి ఇళ్లకి వెళ్లిపోయారు. బంతి నేల తాకితేనే ఆట ముగిసినట్టనీ, తాకలేదు గనక ముగియలేదనీ లీగు పెద్దలు తేల్చారు. కప్పుని ఎవరికీ ఇవ్వకుండా చర్చిలో పెట్టారు. పాస్టరుగారి భార్య అందులో చామంతులు పెడుతుంది.

తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. వాన వెలిశాక కూడా రెండ్రోజులు ఆ బంతి నుంచి చుక్కలు రాలుతుంటే గడ్డి కోసేవాడు విసుక్కుంటాడు. ఎండాకాలం అదే మైదానంలో క్రికెట్ ఆడేవాళ్లు తమ బంతి దానికి తగిలితే నాలుగు పరుగులని ఒప్పందం చేసుకున్నారు. అంతకుమించి దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు, ఒక్క ఫుట్‌బాల్ కమిటీలు తప్ప.

కమిటీలు పట్టించుకున్నాయి చూశారూ, అక్కడే వచ్చింది తంటా. దిగేటప్పుడు ఎలాగైనా వేలు తగిలించాలని వేరింగల్ వాళ్లు ఒక పొడుగువాణ్ణి తెచ్చుకున్నారు. తగలనివ్వకుండా అడ్డుకోవాలని కుర్రాంబీ వాళ్లు అంతకన్నా పొడుగువాణ్ణి తెచ్చుకున్నారు. వాళ్లు ఇద్దరంటే వీళ్లు ముగ్గురన్నారు. ఏళ్లు గడిచేసరికి రెండు జట్లూ సరుగుడు తోపుల్లా తయారయ్యాయి. ఒక్కడూ వంగలేడు, ఒక్కడూ చురుగ్గా తిరగలేడు. లీగులో మిగతా జట్లవాళ్లు వచ్చి, వీళ్ల కాళ్ల సందుల్లోంచి బంతి ఏరుకుని, గోలు మీద గోలు కొట్టి, వీళ్ల క్యాంటీన్లోనే మాంసం కూరిన పై రొట్టెలు తిని, మూతి తుడుచుకుని వెళ్లిపోయేవారు.

ఇక లిండ్సే సంగతి. ఆడటం మానేశాక అతను ఉత్తరం వైపు గోలు అంపైరుగా నిలబడ్డాడు. తెల్లకోటు, రెండు తెల్లజెండాలు, నెత్తిమీద సొంత బంతి. మెడ ఎప్పుడూ పైకే. ఆడుతున్న బంతి స్తంభాల దాకా వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారి కిందికి చూసి, తీర్పు చెప్పి, మళ్లీ పైకి తిరిగేవాడు. ఆ మెడ అలాగే బిగుసుకుపోయింది. ఇంట్లో కూడా గడ్డం పైకెత్తుకునే తిరుగుతాడు. సూపు తాగితే చొక్కా మీద, టీ తాగితే ఒళ్లో. మీసాలకింద నవ్వు ఉందో లేదో లియోనీకి కనబడుతుంది గానీ, అతని కళ్లు కనబడక ఎన్నాళ్లయిందో ఆవిడే చెప్పలేదు.

ఈ ఏడాది శీతాకాలం మొదట్లో (అక్కడ చలి మొదలయ్యేది జూన్‌లో) లీగు నుంచి ఒకాయన వచ్చాడు. భోజనం చేశాడు, రేలీన్ వంటని మెచ్చుకున్నాడు, తర్వాత లేచి నిలబడి చావుకబురు చల్లగా చెప్పాడు.

"నాలుగేళ్లుగా మీరు ఒక్క ఆట గెలవలేదు. ఈ ఏడాది చివరికి ఒక్కటంటే ఒక్కటైనా గెలవకపోతే క్లబ్బు మూసేస్తాం. ఆడాలనుకున్నవాళ్లు వేరింగల్ వెళ్లి ఆడుకోవచ్చు."

లియోనీ బల్లల వంక చూసింది. ఊళ్లో బ్యాంకు పోయింది, బడి పోయింది, పబ్బు కూడా వారంలో మూడ్రోజులే తెరుస్తున్నారు. క్లబ్బు పోతే ఆడపిల్లల నెట్‌బాల్ ఆట పోతుంది, గురువారం భోజనం పోతుంది. పొలాల్లో ఒంటరిగా బతికే ముసలివాళ్లకి వారానికోసారి మనిషి మొహం కనబడేది ఇక్కడే. ఒక్క గెలుపు, ఆవిడకి కావలసింది అంతే.

జూన్ నెలాఖరు గడువు. ఆలోపు బయటి ఆటగాణ్ణి ఒక్కణ్ణే తెచ్చుకునే వీలుంది. ఆ గురువారం కమిటీ వంటింటి పక్క గదిలో కూర్చుంది. క్లారీ నోస్కే అనే పెద్దాయన ఉన్నాడు. ఎనభయ్యేళ్లొచ్చినా ఇప్పటికీ గుమ్మాల దగ్గర తల వంచుతాడు. తన కాలంలో జట్టుకి స్తంభం. ఇంకో ఇద్దరు రైతులున్నారు. లిండ్సే ఉన్నాడు, కళ్లు ఇంటికప్పు మీద.

"మిల్‌డ్యూరాలో డార్సీ అని ఒకడున్నాడు," అన్నాడు క్లారీ, పెళ్లికొడుకు సంబంధం చెబుతున్నంత మురిపెంగా. "రెండు మీటర్ల పైమాటే. వాళ్లమ్మ వాడికోసం మంచం ప్రత్యేకంగా చేయించింది."

"మంచం సంగతి సరే, బంతి నేలమీద పడితే వంగి తీస్తాడా?" అంది లియోనీ.

"నేలమీద ఎందుకు పడుతుందమ్మాయ్? పైనే పట్టేస్తాడు."

"క్లారీ, మన దగ్గర పైన పట్టేవాళ్లు పదకొండుగురున్నారు. పదకొండుగురూ ఎగురుతారు, ఒకడి మోచెయ్యి ఇంకోడికి తగులుతుంది, బంతి కింద పడుతుంది. కింద పడ్డాక దాన్ని తీసేవాడెవడు? మీరా? నేనా? లేక రేలీన్ గరిటె పట్టుకుని రావాలా?"

వంటింట్లోంచి "నేను రెడీ!" అని కేక వినబడింది.

"నాకొక కుర్రాడు దొరికాడు," అంది లియోనీ. "పేరు లెర్ వా. పక్కూరి కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. బర్మా నుంచొచ్చిన కరెన్ కుటుంబాలు లేవూ, వాళ్లబ్బాయి."

ఆవిడ అతన్ని చూసింది చర్చి ఆవరణలో. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ కుటుంబాల మగవాళ్లు వలకి అటూ ఇటూ నిలబడి పేముతో అల్లిన బంతిని కాళ్లతో ఆడుకుంటారు. బంతి నేలకి జానెడెత్తులోకి దిగిపోయింది, ఇక పోయినట్టే అనుకున్నప్పుడల్లా ఆ పొట్టివాడు ఎక్కడినుంచో వచ్చి పాదం పెట్టేవాడు. లియోనీ చేతిలో టీ చల్లారిపోయింది. దేవుడు ఒక్కోసారి ఎంత వెంటనే పలుకుతాడంటే మనకే నమ్మకం కుదరదు.

"ఎంత పొడుగు?" అడిగాడు క్లారీ.

"నా భుజం దాకా వస్తాడు."

గదిలో నవ్వులు. ఒక రైతయితే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మాయ్, బంతి దిగుతున్న ఏడాది పొట్టివాణ్ణి పెట్టుకుంటామా?"

"బంతి దిగుతోందని ఎవరన్నారు?"

అందరూ లిండ్సే వంక చూశారు. అతను ఇంటికప్పువంక చూస్తూనే చెయ్యెత్తాడు, డార్సీ కోసం. ముగ్గురి చేతులు ముందే లేచి ఉన్నాయి.

ఇంటికెళ్లే దారిలో బండి లియోనీయే నడిపింది. మెడ అలా ఉన్నవాడికి స్టీరింగ్ ఇచ్చి చాలా ఏళ్లయింది.

"లిండ్సే, ఒక్క మాట అడగనా?"

"వద్దంటే మానేస్తావా?"

"క్లబ్బు మూసేస్తారట. చెవిన పడిందా? ఎవరూ ఆడని మైదానంలో నీ బంతి దిగితే ఎంత, దిగకపోతే ఎంత?"

"దిగుతోంది లియో. పోయినేడుకన్నా అరచెయ్యంత కిందికొచ్చింది."

"కొలిచావా?"

"నా మెడకి తెలుస్తుంది."

లియోనీ గేరు మార్చింది. అవసరం లేకపోయినా మార్చింది. "సరే, దిగింది. గోలే అని తేలింది. అప్పుడేం చేస్తావు?"

గోధుమ చేలు, కంచెలు, మళ్లీ గోధుమ చేలు.

"ఆ తర్వాత సంగతి ఎప్పుడూ అనుకోలేదు."

"కాదని తేలితే?"

"అప్పుడు నేను ఇన్నేళ్లుగా ఓడిపోయి ఉన్నవాణ్ణి. నాకు తెలియకుండానే."

లియోనీకి జాలేసింది. జాలితో పాటు ఒళ్లు మండింది. పెళ్లైన నాటినుంచీ ఆవిడకి ఆ రెండూ జంటగానే వచ్చేవి.

ఇక చూడండి ఆ పైవాడి లీల. డార్సీ వస్తానన్నాడు, జూన్ ఆఖరిరోజు పొద్దున కబురుపెడతానన్నాడు. పొద్దున కబురు రాలేదు. మధ్యాహ్నం వచ్చింది, వేరింగల్ నుంచి. వాళ్లూ పొడుగువాడి కోసమే వెతుకుతున్నారు కదా, పని కూడా చూపించి ఎగరేసుకుపోయారు. క్లారీ క్లబ్బు మెట్లమీద కూర్చుండిపోయాడు.

"మన నోటి దగ్గర కూడు!" అన్నాడు.

"గడువు ఐదింటిదాకా ఉంది," అంది లియోనీ. "పొట్టివాడున్నాడు. కావాలా, ఖాళీగా ఉంచుకుంటారా?"

"ఏదో ఒకటి చెయ్యి తల్లీ," అని క్లారీ చెయ్యి ఊపేశాడు.

లెర్ వా మొదటిరోజు వచ్చినప్పుడు లియోనీ అతన్ని ఉత్తరం స్తంభాల దగ్గరికి తీసుకెళ్లి పైకి చూపించింది. కొత్తవాళ్లందరికీ చూపించడం ఆనవాయితీ. లెర్ వా మర్యాదగా తలెత్తి చూశాడు.

"ఎవరిది ఆంటీ?"

"మా ఆయనది."

"మంచి తన్ను," అన్నాడు. తర్వాత వంగి బూటు లేసు బిగించుకున్నాడు. ఆ తర్వాత అతను తలెత్తి దానివైపు చూడగా ఎవరూ చూడలేదు.

వెంటనే అద్భుతాలేమీ జరగలేదు. జట్టులో అతనికి బంతి ఇచ్చేవాడేడీ? పొడుగువాళ్లు పొడుగువాళ్లకే విసురుకునేవారు. గట్టుమీద కార్లలో కూర్చున్న జనం తిట్లు ఆపలేదు.

"ఆ పిల్లాడు గడ్డిలో కనబడటంలేదు, జెండా కట్టండి!"

"జెండా కాదు, ముందు మిగతావాళ్లకి నడుములు పెట్టించండి! వంగడానికి!" అని లియోనీ కారు అద్దం దించి మరీ అరిచేది.

కానీ నూట పదితో ఓడేవాళ్లు అరవైతో ఓడారు. తర్వాత ముప్పైతో. ఒకసారి పదకొండుతో. రేలీన్ ఆ రాత్రి గ్రేవీలో పుట్టగొడుగులు వేసింది. ఊళ్లో అంతకన్నా పెద్ద సంబరం ఎవరికీ గుర్తులేదు.

చివరి ఆట వేరింగల్‌తో, కుర్రాంబీలో. మైదానం చుట్టూ కార్లు ముక్కులు లోపలికి పెట్టి నిలబడ్డాయి. గోలు పడితే హారన్లు మోగించడానికి. లియోనీ ఉత్తరం వైపు కంచె దగ్గర నిలబడింది. అక్కడినుంచి లిండ్సే తెల్లకోటు వీపు కనబడుతుంది, పైకెత్తిన గడ్డం కనబడుతుంది.

ఆట మొదటినుంచీ చిరాకే. కుర్రాంబీ ఒక గోలు వేస్తే వేరింగల్ ఒకటి వేసింది. డార్సీ గాల్లో ప్రతి బంతీ పట్టాడు, పట్టిన ప్రతి బంతీ పక్కకి తన్నాడు. కుర్రాంబీ పొడుగువాళ్లు ఒకళ్లనొకళ్లు గుద్దుకున్నారు. వాళ్లు కింద పారేసిన బంతులన్నీ లెర్ వా ఏరాడు. మూడోవంతు ఆట గడిచేసరికి క్లారీ తన టోపీ తీసి నలపడం మొదలుపెట్టాడు. ఆట చివరి నిమిషంలోకి వచ్చేసరికి వేరింగల్ మూడు పాయింట్లు ముందుంది. ఒక్క గోలు చాలు, గెలుపు. బంతి ఉత్తరం స్తంభాల ముందుకి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఎవరో అరిచారు.

"దిగుతోంది!"

నిజంగానే దిగుతోంది. ఇన్నేళ్లుగా కదలని బంతి నీళ్లలో మునుగుతున్న రాయిలా మెల్లగా, తిరుగుతూ దిగుతోంది. రెండు జట్లలోని పొడుగువాళ్లందరూ ఆడటం మరిచిపోయి చేతులు పైకెత్తారు. కొందరు తాకడానికి, కొందరు తాకనివ్వకుండా తోయడానికి. గట్టుమీద జనం కార్లలోంచి దూకి బయటికొచ్చి తలలెత్తారు. క్లారీ నలిపిన టోపీని గుండెకి ఆనించుకున్నాడు. లిండ్సే మునివేళ్లమీద లేచాడు. ఆ క్షణం కోసమే కదా అతను బతికింది.

ఆట బంతి వాళ్ల కాళ్ల మధ్య గడ్డిలో పడి ఉంది. దాన్ని చూస్తున్నది ఇద్దరే. ఒకడు లెర్ వా. వంగి ఉన్నాడు గనక అతనికి అదే కనబడింది. పదిహేడు జతల బూట్ల మధ్యనుంచి దూరి, చేత్తో తియ్యకుండానే, పేము బంతిని ఆడినట్టు పాదం పక్కతో ఒక్క తోపు తోశాడు. బంతి దొర్లింది. గుడ్డు ఆకారం బంతి కదా, తిన్నగా దొర్లదు, తూలుతూ పోతుంది. అలా తూలుతూ గోలు గీతవైపు బయలుదేరింది.

రెండోవాడు డార్సీ. ఆ పొడుగాటి మనిషి కిందికి చూశాడు! చూసి, చెట్టు నరికినట్టు మొత్తం పొడవునా దాని మీదికి పడ్డాడు, చెయ్యి చాచి.

ఆ పడిన చప్పుడుకి మైదానమంతా ఉలిక్కిపడింది. "తాకాడు!" అని సగం ఊరు, "తాకలేదు!" అని సగం ఊరు. కళ్లన్నీ ఒక్క దెబ్బకి నేలమీదికొచ్చాయి. పైదాన్ని పక్కవాడు చూస్తున్నాడులే అని ప్రతివాడూ అనుకున్నాడు.

గీత దగ్గరున్నది లిండ్సే ఒక్కడే. వేలు తగిలిందో లేదో, గీత దాటాక తగిలిందో ముందే తగిలిందో చెప్పగలిగినవాడు అతనొక్కడే. పైన తన బంతి స్తంభాల ఎత్తుకి వచ్చేసింది. ఏ రెండు స్తంభాల మధ్య దిగుతోందో, ఎవరి వేలి కొస దానికి తగులుతోందో చెప్పవలసినవాడు కూడా అతనే. ఉన్నది ఒక జత కళ్లు.

లియోనీ అరవాలనుకుంది. కంచె ఇనుపగొట్టం పట్టుకుని మొగుడి మెడనే చూస్తూ ఉండిపోయింది.

ఆ మెడ వంగింది. మొదట గడ్డం, తర్వాత తల మొత్తం. పటుక్కుమన్న చప్పుడు కంచె దాకా వినబడింది. లిండ్సే గీతకి అటో కాలు ఇటో కాలు వేసి, మోకాళ్లమీద కూలబడి, మొహం దాదాపు గడ్డికి ఆనించి చూశాడు. బంతి తూలుతూ వచ్చింది, గీత దాటింది. దాని వెనకే డార్సీ వేలు వచ్చి ఖాళీ గడ్డిని తాకింది.

లిండ్సే లేచాడు. నడిమి అంపైరు పరుగెత్తుకుంటూ వచ్చి తీర్పు ఇవ్వమన్నట్టు తలూపాడు. లిండ్సే రెండు చూపుడువేళ్లూ ముందుకి చాచాడు. ఆరు పాయింట్లు. తర్వాత రెండు జెండాలూ ఎత్తి ఊపాడు. ఆ ఊపు ఇంకా పూర్తికాకుండానే సైరన్ మోగింది.

హారన్లు. ఎన్ని హారన్లంటే, చుట్టుపక్కల గొర్రెలన్నీ కంచెలదాకా పారిపోయాయి. పొడుగువాళ్లంతా కలిసి లెర్ వాని భుజాలకెత్తుకున్నారు. మొదటిసారి అతను అందరికన్నా పైన కనబడ్డాడు. క్లారీ ఏడుస్తూ లియోనీ చెయ్యి పట్టుకుని, "నేను ముందే చెప్పలా, పొట్టివాడే కావాలని!" అన్నాడు. ఆ మాటకి జవాబు చెప్పడానికి దేవుడే దిగిరావాలి.

కాసేపటికి ఎవరో స్తంభాల వెనక ఎండుగడ్డిలో చూసి పిలిచారు. అక్కడ రెండు బంతులున్నాయి. ఒకటి కొత్తది. రెండోది తోలు బీటలువారి, కుట్లు నలుపెక్కి, ఇంకా కాస్త తడిగా ఉంది.

అప్పుడు పుట్టింది చూడండి గొడవ!

"ఆ పాత బంతికి మావాడి వేలు తగిలింది, నేను చూశా!" అన్నాడు వేరింగల్ పెద్దమనిషి ఒకాయన.

"ఏం చూశావు? నువ్వప్పుడు నా పక్కన నిలబడి డార్సీ వేలు గురించి అరుస్తున్నావు!"

"నువ్వు చూశావా మరి?"

"నేను… నేను కూడా డార్సీనే చూస్తున్నా."

ఊరూ ఊరూ ఒకళ్లనొకళ్లు అడిగారు. ఇన్నేళ్లూ కళ్లప్పగించి కాపలా కాసిన రెండు ఊళ్లలో, అది దిగడం చూసినవాడు ఒక్కడూ దొరకలేదు. చివరికి లీగు ఆయన లిండ్సే దగ్గరికొచ్చాడు.

"నీ మాటే మాట, లిండ్సే. లోపలినుంచి పోయిందా? ఎవరైనా తాకారా?"

"చూడలేదు."

"చూడలేదా! నీ జన్మంతా దాన్నే చూస్తున్నావు కదయ్యా!"

"అప్పుడు గీత చూస్తున్నాను," అన్నాడు లిండ్సే. "అది నా పని."

లీగు ఆయన పాస్టరుగారి వైపు చూశాడు. కప్పు చర్చిలోనే ఉంచుకోమన్నాడు. పాస్టరుగారి భార్య ఊపిరి పీల్చుకుంది, అంత మంచి పూలకుండీ ఆవిడకి ఇంకెక్కడ దొరుకుతుంది?

సాయంత్రం హాల్లో నిలబడటానికి చోటులేదు. వేరింగల్ వాళ్లు కూడా ఉండిపోయారు. డార్సీ ఒక బెంచీ మొత్తం ఆక్రమించుకుని లెర్ వాతో కాళ్లకింద బంతి ఎలా తియ్యాలో చెప్పించుకుంటున్నాడు. పళ్లాలు ఖాళీ కాకముందే రభస మొదలైంది.

"వచ్చే ఏడాదికి మనకి కావలసింది పొట్టివాళ్లు!" అన్నాడు క్లారీ బల్ల గుద్ది.

"ఎంతమంది?"

"అందరూ పొట్టివాళ్లే ఉండాలి!"

"అందరూ పొట్టివాళ్లయితే పైన బంతి పట్టేదెవరు క్లారీ?" అంది లియోనీ.

"పైన ఎందుకు పట్టాలమ్మాయ్? కిందపడ్డాక తీసుకోవచ్చుగా!"

లియోనీ రెండు చేతులతో తల పట్టుకుంది. అలా పట్టుకుని ఉండగానే పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది. లిండ్సే వచ్చి కూర్చున్నాడు. తెల్లకోటు మోకాళ్ల దగ్గర పచ్చగా మరకలైంది. గడ్డం ఛాతీ దాకా దిగి ఉంది, అతనికే ఆ మెడ కొత్తగా ఉన్నట్టు అటూ ఇటూ మెల్లగా తిప్పుతున్నాడు.

అతను బల్లకిందికి చూస్తున్నాడు.

"లియో, ఆ బూట్లు కొత్తవా?"

"నాలుగేళ్లయింది కొని."

"ఓ." ఇంకాస్త వంగి చూశాడు. "ఆకుపచ్చవి."

"అవును, ఆకుపచ్చవి."

"బాగున్నాయి."

లియోనీ నోటిదాకా ఒక మంచి తిట్టు వచ్చింది. నాలుగేళ్లుగా తయారవుతున్న తిట్టు. ఆవిడ దాన్ని అలాగే ఉంచుకుని, కాలు కాస్త ముందుకి జరిపింది, అతనికి సరిగ్గా కనబడేలా.